ముఖానికి శస్త్రచికిత్స, దూరదేశ ప్రయాణం: బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి

విశ్వప్రభువైన అల్లాహ్ మనకు ప్రసాదించిన దేహం ఒక అమానత్. ధర్మసమ్మతంగా ఆర్జించిన ధనం మరొక అమానత్. ప్రళయదినాన మనిషి అడుగు కదపక ముందే అతని ఆయుష్షు గురించి, విద్య గురించి, ధనాన్ని ఎలా సంపాదించి ఎందులో ఖర్చు చేశాడన్న దాని గురించి, దేహాన్ని ఏ పనిలో అరగదీశాడన్న దాని గురించి ప్రశ్నించడం జరుగుతుందని తిర్మిజీ గ్రంథంలోని హదీసు మనకు తెలుపుతోంది.

ధనాన్నీ దేహాన్నీ ఒకేసారి పణంగా పెట్టే వ్యవహారం ఒకటి ఇటీవల మన కుటుంబాల్లో వినబడుతోంది. వయసుతో వదులైన ముఖచర్మాన్ని బిగించే శస్త్రచికిత్స అది. దానికి ఫేస్‌లిఫ్ట్ అని పేరు. ఇస్తాంబుల్, బ్యాంకాక్, సియోల్ నగరాల ఆసుపత్రుల ప్రకటనలు ఇంట్లో కూర్చున్న వారి సెల్‌ఫోన్లలోకే వచ్చేస్తున్నాయి. శస్త్రచికిత్స, హోటల్ బస, విమానాశ్రయం నుంచి కారు, నగర దర్శనం అన్నీ కలిపి ఒకే ధర చెబుతున్నారు. గల్ఫ్ దేశాల్లో పనిచేసే మన తెలుగు కుటుంబాలకు ఇస్తాంబుల్ కొన్ని గంటల విమాన ప్రయాణమే. ముస్లింలు అధికంగా ఉన్న దేశం, హలాల్ భోజనం దొరుకుతుంది, అడుగడుగునా మసీదులున్నాయి అన్న భరోసా కూడా తోడవుతోంది.

ఈ విషయమై అడిగేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. ఇది ధర్మసమ్మతమేనా అన్నది మొదటిది. ఎక్కడ తక్కువ ఖర్చు అవుతుందన్నది రెండవది. మూడవ ప్రశ్న ఒకటి ఉంది. తిరిగి వచ్చాక గాయానికి ఏదైనా జరిగితే నన్ను చూసే వైద్యుడెవరు? దీన్ని అడిగేవారు అరుదు. ప్రయాణం గురించి తెలుసుకోవలసిన విషయాల్లో సగభాగం ఈ మూడవ ప్రశ్నలోనే ఉన్నాయి.

శస్త్రచికిత్సలో జరిగేది ఏమిటి?

కణత దగ్గర జుట్టు అంచున మొదలుపెట్టి, చెవి ముందు నుంచి చెవి తమ్మె చుట్టూ తిప్పి, చెవి వెనుక జుట్టులోకి కోత పెడతారు. చర్మాన్ని కింది పొరల నుంచి వేరుచేస్తారు. కండరాలను కప్పి ఉన్న పొరను పైకి లాగి కుడతారు. మిగిలిన చర్మాన్ని కత్తిరించి తీసివేస్తారు. ఇదంతా పూర్తి మత్తులో గాని, నిద్రమందుతో పాటు ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి గాని చేస్తారు. కొన్ని గంటలు పడుతుంది. అందాల అంగడిలో పూసే లేపనంతో దీన్ని పోల్చడం తగదు. ఇది అన్ని విధాలా పెద్ద ఆపరేషనే.

దీనివల్ల దవడ అంచునా, మెడ దగ్గరా వేలాడే చర్మం బిగుస్తుంది. అయితే నుదుటి ముడతలు, కంటి కింది సంచులు, పెదవుల చుట్టూ ఉండే సన్నని గీతలు, ఎండ వల్ల ఏర్పడిన మచ్చలు దీనితో పోవు. ఫలితం శాశ్వతం కూడా కాదు. ఇంచుమించు 7 నుంచి 10 ఏళ్ల వరకు నిలుస్తుందని వైద్యులు అంచనాగా చెబుతారు. ఆ కాలంలోనూ వయసు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ప్రమాదాలు కూడా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యేది చర్మం కింద రక్తం చేరడం. ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. వెంటనే మళ్లీ తెరచి ఆ రక్తాన్ని తీసివేయకపోతే పైచర్మం చనిపోవచ్చు. రక్తపోటు ఉన్నవారిలోనూ, స్త్రీలకన్నా పురుషుల్లోనూ ఈ ప్రమాదం అధికం. ముఖాన్ని కదిలించే నాడులు ఆ పొరల్లోనే ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే నవ్వు వంకర కావచ్చు, కనుబొమ్మ లేవకపోవచ్చు. చాలావరకు అది కొన్ని వారాల్లో లేదా నెలల్లో సర్దుకుంటుంది. అరుదుగా శాశ్వతంగా ఉండిపోతుంది. చీము పట్టడం, కోత దగ్గర జుట్టు రాలడం, చెవి దగ్గర చాలాకాలం తిమ్మిరి ఉండటం, మచ్చలు ఉబ్బడం కూడా ఉన్నాయి. ఛాయ తక్కువైన చర్మం గలవారిలో కీలాయిడ్ అనే ఉబ్బు మచ్చలు ఎక్కువగా వస్తాయి. పాత గాయాలు, చెవులు కుట్టించుకున్న చోట్లు గతంలో అలా ఉబ్బినవారు ఆ సంగతిని సర్జన్‌కు ముందే చెప్పి తీరాలి.

గడ్డం పెంచుకునే పురుషులు మరో విషయం తెలుసుకోవాలి. చర్మాన్ని లాగినప్పుడు గడ్డం మొలిచే భాగం చెవి మీదికీ, చెవి వెనక్కీ జరుగుతుంది.

షరీఅత్ గీసిన హద్దు

ఇస్లాం వైద్యాన్ని ప్రోత్సహించే ధర్మం. అజ్ఞాన కాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్‌ఫజా బిన్ అస్అద్ (రజి) వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన రావడంతో బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ, పోయిన అవయవాన్ని తిరిగి అమర్చుకునే అవసరం వచ్చినప్పుడు ధర్మం అంత సౌలభ్యం కల్పించింది. ముఖానికి అంగవైకల్యం కలిగినవారికి ఇది ఎంత పెద్ద ఓదార్పో ఆలోచించండి.

మరొక సందర్భంలో కొందరు ఎడారివాసులు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, మేము వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగారు. చేయించుకోమని ఆయన చెప్పారు. ఒక్కదానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు సృష్టించాడని తెలిపారు. ఆ ఒక్కటి ఏది అని వారు అడగగా, వృద్ధాప్యం అని సమాధానమిచ్చారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసులో మన చర్చకు కావలసిన తూకమంతా ఉంది. రోగానికి వైద్యం ఉంది. వయసుకు లేదు.

మూడవ హదీసు అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) గారిది. పచ్చబొట్లు పొడిచేవారిని, పొడిపించుకునేవారిని, కనుబొమ్మల వెంట్రుకలు పీకించుకునేవారిని, అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకునేవారిని అల్లాహ్ సృష్టిని మార్చేవారిగా పేర్కొంటూ శపించడం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇందులోని 'అందం కోసం' అన్న మాటను ఇమామ్ నవవీ (రహ్) ప్రత్యేకంగా గుర్తించారు. చికిత్స కోసమో, లోపాన్ని సరిచేయడానికో అయితే దోషం లేదని వివరించారు.

మన కాలంలో ఈ అంశాన్ని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 2007 జులైలో మలేషియాలోని పుత్రజాయ నగరంలో జరిగిన తన 18వ సమావేశంలో పరిశీలించింది. పుట్టుకతో వచ్చిన లోపాలను, ప్రమాదాలు, కాలిన గాయాలు, రోగాల వల్ల ఏర్పడిన వికృతులను సరిచేసే శస్త్రచికిత్సలు ధర్మసమ్మతమని తీర్మానించింది. సహజంగా ఉన్న రూపాన్ని కేవలం మనసుపడి మార్చుకోవడం తగదని చెప్పింది. ముడతల గురించి కూడా విడిగా ప్రస్తావించింది. రోగస్థితి అయితే తప్ప, అదీ హాని ఉండదన్న షరతుతో తప్ప, శస్త్రచికిత్సతో గాని సూదిమందుతో గాని ముడతలు తొలగించుకోవడం సమ్మతం కాదన్నది దాని నిర్ణయం.

కనుక ముఖ పక్షవాతంతో ఒక చెంప జారిపోయిన సోదరుడు, కాలిన గాయాలతో ముఖం వికృతమైన సోదరి, కనురెప్ప వాలిపోయి చూపు మూసుకుపోతున్న పెద్దమనిషి చికిత్సకు వెళ్లడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. వారిని వెక్కిరించేవారే దోషులు. ఆరోగ్యంగా ఉన్న 50 ఏళ్ల ముఖాన్ని 35 ఏళ్ల ముఖంగా చేసుకోవాలన్న కోరిక మాత్రం వేరే విషయం. ఈ రెంటికీ మధ్య సందేహం కలిగినవారు వైద్యుని నివేదికను వెంట తీసుకుని విశ్వసనీయులైన ముఫ్తీగారిని సంప్రదించాలి. నివేదిక చూపకుండా అడిగిన ప్రశ్నకు సరైన ఫత్వా దొరకదు.

ఈ కోరిక ఎవరిది?

ఒక విషయాన్ని కుటుంబ పెద్దలు నిజాయితీగా ఆలోచించాలి. ముఖం మార్చుకోవాలన్న ఆలోచన ఆ ఇల్లాలి మనసులో తనంతట తానుగా పుట్టిందా, లేక ఎవరైనా పుట్టించారా? భర్త ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో కష్టపడ్డాడు. ఆ ఇరవై ఏళ్లూ భార్య ఇక్కడ పిల్లలను చదివించింది, అత్తమామలకు సేవ చేసింది, ఇల్లు కట్టించింది, రాత్రి జ్వరం వచ్చిన బిడ్డను ఒంటరిగా ఆసుపత్రికి మోసుకెళ్లింది. తిరిగి వచ్చిన భర్త ఆమెను చూసి, ముసలిదానివైపోయావు అని నవ్వుతూ అంటాడు. ఆయనకు అది హాస్యం. ఆమె ఆ రాత్రి అద్దం ముందు నిలబడుతుంది. తరువాత సెల్‌ఫోన్‌లో ప్రకటన కనిపిస్తుంది.

ఇటువంటి భర్తలు హజ్రత్ ఖదీజా (రజి) గారి వృత్తాంతాన్ని మరోసారి చదవాలి. ఆమె పరమపదించిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా దైవప్రవక్త (స) ఆమెను ప్రేమతో తలచుకునేవారు. పళ్లు ఊడిన ఆ ఖురైష్ వృద్ధురాలిని ఇంకా తలచుకుంటున్నారే అని ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి) అన్నారు. ప్రజలు తిరస్కరించినప్పుడు తనను విశ్వసించిందనీ, అందరూ కాదన్నప్పుడు తన ధనంతో అండగా నిలిచిందనీ ఆయన సమాధానమిచ్చినట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. భార్య ముఖంలో భర్త చూడవలసింది ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పేదేముంది?

వివాహ సంబంధాల కోసం వయసు దాచే ఉద్దేశంతో ఈ శస్త్రచికిత్స చేయించుకోవడం ఎదుటివారిని మోసగించడమే అవుతుంది. ఇద్దత్ కాలంలో ఉన్న వితంతువు అలంకరణకు దూరంగా, ఇంటి పట్టున ఉండవలసి ఉంటుంది కాబట్టి, అత్యవసర వైద్యం తప్ప ఇటువంటి ప్రయాణాన్ని ఆ గడువు ముగిసే వరకు తలపెట్టరాదు.

ఇంత చెప్పిన తరువాత కూడా, వైద్య అవసరం నిజంగా ఉన్నవారు ఉంటారు. తమ నిర్ణయం తాము తీసేసుకున్నవారూ ఉంటారు. ఎవరి ప్రాణానికైనా హాని కలగకుండా చూడటం మన ధర్మం. కనుక ఇకపై చెప్పబోయే విషయాలు అందరికీ అవసరమైనవే.

కత్తి పట్టే చేయి ఎవరిది?

వైద్యంలో ప్రావీణ్యం లేకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూదావూద్, నసాయీ గ్రంథాల్లోని హదీసు చెబుతోంది. సుమారు 1000 ఏళ్ల క్రితం కొర్డోబా ప్రాంతంలో జీవించిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ తన 30 భాగాల వైద్య విజ్ఞాన గ్రంథంలో చివరి భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించారు. దేహ నిర్మాణం తెలియకుండా కత్తి పట్టిన వైద్యుల చేతుల్లో రోగులు ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలను దాని ఆరంభంలోనే హెచ్చరికగా చెప్పారు. ఆ హెచ్చరిక నేటికీ పాతబడలేదు.

ప్రకటనలో కనిపించేది ఆసుపత్రి భవనం. మీకు కావలసింది సర్జన్ పేరు. పేరు చెప్పకుండా, వచ్చాక మా బృందం చూసుకుంటుంది అనేవారి వద్దకు వెళ్లకండి. పేరు తెలిశాక ఆయన ప్లాస్టిక్ సర్జరీలో శిక్షణ పొందారా, ఆ దేశపు వైద్య మండలిలో నమోదై ఉన్నారా అన్నది పరిశీలించండి. మన దేశంలోనైతే ఎం.సిహెచ్. లేదా డి.ఎన్.బి. ప్లాస్టిక్ సర్జరీ పట్టా, రాష్ట్ర వైద్య మండలిలో నమోదు చూడాలి. సౌందర్య నిపుణుడు అన్న బిరుదు పట్టా కాదు. జె.సి.ఐ., ఎన్.ఎ.బి.హెచ్. వంటి గుర్తింపులు ఆసుపత్రి వ్యవస్థకు ఇచ్చేవి. అవి ఉండటం మంచిదే గాని, ఫలానా సర్జన్ నైపుణ్యానికి అవి సాక్ష్యం కావు.

తుర్కియే ప్రభుత్వం 2017లో నిబంధనలు తెచ్చి, విదేశీ రోగులకు చికిత్స చేసే ఆసుపత్రులకూ, వారిని తీసుకొచ్చే మధ్యవర్తి సంస్థలకూ ఆరోగ్య మంత్రిత్వశాఖ ప్రత్యేక అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. ఇస్తాంబుల్ వెళ్లేవారు ఆ పత్రాన్ని అడిగి చూడాలి. వైద్యం కోసం తుర్కియే వెళ్లిన తమ పౌరులు కొందరు చికిత్సల అనంతరం మరణించారని బ్రిటన్ ప్రభుత్వం తన ప్రయాణ సూచనల్లో హెచ్చరిస్తోంది. మంచి వైద్యులు అక్కడ చాలామంది ఉన్నారు. వారితో పాటు ఇతరులూ ఉన్నారు. ముస్లిం దేశమన్న భరోసా పరిశీలనకు ప్రత్యామ్నాయం కాజాలదు.

దక్షిణ కొరియా అనుభవం మరో పాఠం. 2016లో సియోల్‌లో దవడ శస్త్రచికిత్స చేయించుకున్న ఒక యువకుడు అధిక రక్తస్రావమై, కొన్ని వారాలకు మరణించాడు. తాను నమ్మి వచ్చిన సర్జన్ మధ్యలోనే వెళ్లిపోయిన సంగతి ఆపరేషన్ గదిలోని కెమెరా దృశ్యాల ద్వారా అతని తల్లికి తెలిసింది. ఆమె ఏళ్ల తరబడి పోరాడింది. 2021లో చట్టం వచ్చింది. పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్ గదుల్లో కెమెరాలు ఉండాలన్న ఆ నియమం 2023 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. కనుక శస్త్రచికిత్స ఆరంభం నుంచి ముగింపు వరకు ఎవరు చేస్తారు, మత్తు ఇచ్చే వైద్యుడెవరు అన్నది లిఖితపూర్వకంగా తీసుకోండి.

మధ్యవర్తి ఎంత మంచివాడైనా, అతని ఆదాయం మీరు వెళ్లడంలో ఉంది. మీకు వద్దని చెప్పగల వైద్యుణ్ణి ముందుగా మీ ఊరిలోనే కలవండి.

దేహం సిద్ధంగా ఉందా?

మధుమేహం, రక్తపోటు అదుపులో లేనివారు ముందు వాటిని అదుపులోకి తెచ్చుకోవాలి. పొగతాగేవారి చర్మానికి రక్త ప్రసరణ తగ్గి, కుట్టిన చర్మం చనిపోయే ప్రమాదం ఎంతో ఎక్కువ. శస్త్రచికిత్సకు కనీసం 4 వారాల ముందే మానాలి, తరువాత కూడా మానే ఉండాలి. హుక్కా, జర్దా, గుట్కాల్లోనూ ఉన్నది ఆ నికోటినే. హుక్కా పొగాకు కాదన్నట్లు మాట్లాడేవారు తమను తామే మోసగించుకుంటున్నారు.

ఆస్పిరిన్, కొన్ని నొప్పి మాత్రలు రక్తాన్ని పలచబరుస్తాయి. విటమిన్-ఇ, చేపనూనె, వెల్లుల్లి గుళికల వంటివి కూడా రక్తస్రావాన్ని పెంచవచ్చు. యునానీ మందులైనా సరే, వాడుతున్న ప్రతి మందు పేరునూ సర్జన్‌కు చెప్పాలి. గుండె జబ్బుకు వాడే మందులను మాత్రం గుండె వైద్యుణ్ణి అడగకుండా ఎవరి మాట మీదా ఆపరాదు.

ఎన్ని రోజులు ఉండాలి?

చాలామంది పొరపడేది ఇక్కడే. ప్రకటనల్లో చెప్పే బస కొద్ది రోజులదే. గాయం లెక్క వేరు. మొదటి 24 గంటలు రక్తం చేరే ప్రమాదం. వారం నుంచి పది రోజుల లోపు కుట్లు తీయడం. కనీసం రెండు వారాలు కంటికి కనిపించే వాపు, కమిలిన గుర్తులు. పూర్తి ఫలితం తెలియడానికి నెలలు. ముఖ శస్త్రచికిత్స తరువాత 7 నుంచి 10 రోజుల వరకు విమానం ఎక్కవద్దని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం సూచిస్తోంది. శస్త్రచికిత్స తరువాత గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తపు గడ్డలు ఏర్పడి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి సర్జన్ స్వయంగా చూసి అనుమతి ఇచ్చాకే తిరుగు ప్రయాణం పెట్టుకోవాలి. తేదీ మార్చుకోగల టికెట్ కొనాలి.

కొన్ని అంటువ్యాధులు వెంటనే బయటపడవు. 2023లో మెక్సికోలోని మతమోరోస్ నగరంలో వెన్నులో మత్తు ఇచ్చి చేసిన సౌందర్య శస్త్రచికిత్సల తరువాత, అమెరికా నుంచి వెళ్లినవారికి బూజు జాతి క్రిముల వల్ల మెదడు పొరల వాపు వ్యాధి సోకింది. కొందరు మరణించారు. చికిత్స ఒక దేశంలో, వ్యాధి బయటపడింది మరో దేశంలో. ఫేస్‌లిఫ్ట్‌లో వెన్నులో మత్తు ఇవ్వరు. అయినా దూరదేశ చికిత్సలో బాధ్యత ఎక్కడ తెగిపోతుందో చూపడానికి ఈ ఉదాహరణ చాలు.

కనుక బయలుదేరే ముందే మీ ఊరిలో లేదా సమీప నగరంలో ఒక ప్లాస్టిక్ సర్జన్‌ను కలిసి, తిరిగి వచ్చాక చూస్తారా అని అడిగి ఒప్పించుకోండి. వేరొకరు చేసిన శస్త్రచికిత్సను చూడటానికి అందరూ ముందుకు రారు. వచ్చేటప్పుడు ఆపరేషన్ వివరాల నివేదిక, ఇచ్చిన మందుల జాబితా, మత్తు వివరాలు చదవగలిగే భాషలో తెచ్చుకోండి. ఒక్కవైపు హఠాత్తుగా వాపు, బిగుతు, నొప్పి పెరగడం, జ్వరం, చీము, చర్మం నల్లబడటం, ముఖం ఒకవైపు కదలకపోవడం, ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, ఒక పిక్క వాయడం కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ లెక్కలన్నీ వేసుకున్నాక హైదరాబాదు గుర్తుకు రావాలి. ఒమాన్, యెమెన్, ఇరాక్, సూడాన్ వంటి దేశాల రోగులు వైద్యం కోసం అక్కడికి వస్తుంటారు. వైద్య అవసరం ఉన్న తెలుగు కుటుంబానికి తన భాషలో మాట్లాడే వైద్యుడు, బస్సులో చేరుకోగల దూరం చిన్న సౌలభ్యాలు కావు.

ధనం సంగతి

బీమా గురించిన ధర్మచర్చ వేరు. అయితే ఆరోగ్య బీమా ఉంది కదా అనుకునేవారు తెలుసుకోవలసింది ఒకటుంది. సౌందర్య శస్త్రచికిత్సను మన దేశపు పాలసీలు ప్రామాణిక మినహాయింపుల్లో ఉంచాయి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణం వంటివాటికి మాత్రమే సడలింపు ఉంటుంది. మామూలు ప్రయాణ బీమా కూడా ముందే అనుకుని వెళ్లిన చికిత్స ఖర్చును సాధారణంగా భరించదు. తేడా వస్తే రెండో శస్త్రచికిత్స ఖర్చు, అదనపు బస, మళ్లీ విమాన ఛార్జీలు మీ నెత్తినే పడతాయి. నష్టపరిహారం అడగాలంటే చాలావరకు ఆ దేశపు న్యాయస్థానానికే వెళ్లాలి.

వ్యర్థంగా ఖర్చు చేసేవారిని షైతాను సోదరులుగా దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో పేర్కొంది. అప్పు తీర్చవలసినవారు, జకాత్ బాకీ పడ్డవారు, హజ్ విధి అయి కూడా వెళ్లనివారు ముందుగా వాటిని నెరవేర్చాలి. వడ్డీకి అప్పు తెచ్చి ముఖానికి శస్త్రచికిత్స చేయించుకోవడమంటే ఒక నిషిద్ధం మీద మరొకటి కట్టడమే.

ఆరాధనలు, పరదా, ప్రయాణం

స్త్రీ తన భర్తతోనో, మహ్రమ్‌తోనో ప్రయాణించాలి. ఆసుపత్రిలో తోడుగా ఉండే స్త్రీ ఒకరుంటే మేలు. మహిళా సర్జన్ దొరికితే ఆమెనే ఎంచుకోవాలి. దొరకనప్పుడు అవసరమైన మేరకే, తోడు ఉండగా చూపించుకోవచ్చు. ఆసుపత్రులు చికిత్సకు ముందు, తరువాత ఫోటోలు తీస్తాయి. వైద్య రికార్డుకు అవి అవసరమే. వాటిని ప్రకటనల్లో వాడటానికి అనుమతి అన్న గడి సమ్మతి పత్రంలో ఎక్కడో ఉంటుంది. దాన్ని చదివి, అనుమతి లేదని రాసి సంతకం చేయండి. ముసుగు వేసుకునే సోదరి ముఖం లోకమంతా చూసే దుస్థితి ఒక్క సంతకంతో రావచ్చు.

చెవుల చుట్టూ కుట్లు ఉంటాయి కాబట్టి సాగే పట్టీ ఉన్న నఖాబ్, బిగుతుగా కట్టే స్కార్ఫ్ గాయాన్ని ఒత్తుతాయి. వదులైన నూలు దుపట్టా వెంట తీసుకెళ్లండి.

మత్తులో తప్పిన నమాజులను మెలకువ వచ్చాక ఖజా చేయాలి. నీరు తగిలితే గాయానికి హాని అని వైద్యుడు చెబితే, కట్టుపై తడి చేత్తో మసహ్ చేసి మిగిలిన అవయవాలను కడుక్కోవాలి. మసహ్ కూడా హానికరమైతే ఆ భాగాన్ని వదిలివేయవచ్చు. తల కిందికి వంచితే వాపు, రక్తస్రావం పెరుగుతాయి కనుక వైద్యుడు వద్దన్నన్ని రోజులు కూర్చుని సైగలతో నమాజు చేయాలి. రుకూ కన్నా సజ్దాకు కాస్త ఎక్కువ వంగితే చాలు. హనఫీ మస్లక్ ప్రకారం ఒకే ఊరిలో 15 రోజులకన్నా తక్కువ ఉండే సంకల్పంతో వెళ్లినవారు ఖస్ర్ చేయాలి.

ఉమ్రా యాత్రతో దీన్ని కలపాలని చూసేవారూ ఉన్నారు. మానని గాయంతో ఎండలో, జనసమ్మర్దంలో తవాఫ్ చేయడం ప్రమాదకరం. అల్లాహ్ గృహానికి వెళ్లే సంకల్పాన్ని ఆ సంకల్పంగానే ఉండనివ్వండి.

చివరిగా

మనిషిని బలహీనుడిగా పుట్టించి, తరువాత బలం ఇచ్చి, ఆ తరువాత మళ్లీ బలహీనతను, నెరిసిన వెంట్రుకలను ఇచ్చేది తానేనని అల్లాహ్ రూమ్ సూరాలో తెలియజేశాడు. నెరిసిన వెంట్రుక విశ్వాసికి ప్రళయదినాన కాంతి అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. శుభ్రంగా ఉండటం, మంచి బట్టలు కట్టుకోవడం, భార్యాభర్తలు ఒకరికోసం ఒకరు అలంకరించుకోవడం సున్నతే. అల్లాహ్ సౌందర్యవంతుడు, సౌందర్యాన్ని ప్రేమిస్తాడని కూడా హదీసులో ఉంది. ఆ సౌందర్యానికి హద్దు గీసింది కూడా ఆయనే.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ప్రయాణం తలపెడితే, ముందు ఆ ఇంటివారంతా కూర్చోండి. ఇది రోగమా, వయసా అని వైద్యుణ్ణి అడగండి. సమ్మతమా కాదా అని ఆలిమ్‌ను అడగండి. కత్తి పట్టేదెవరు, తిరిగి వచ్చాక చూసేదెవరు అని కాగితం మీద రాసుకోండి. ఇక ఆమె ముఖం గురించి ఆ ఇంట్లో ఎవరు ఏమన్నారో కూడా గుర్తు తెచ్చుకోండి. ఆ మాటను ఉపసంహరించుకుని ఆమెను క్షమాపణ అడిగితే, అసలు ప్రయాణమే అక్కరలేకపోవచ్చు.

రోగగ్రస్తులకు అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! మన వృద్ధాప్యాన్ని గౌరవప్రదం చేయుగాక! ఆమీన్.